వేరే చెప్పకపోతే

వన్ టౌన్‌లో బస్సు దిగాక అప్పలసూరి ముందు చేసిన పని చొక్కా చేతులు ఇంకో మడత పెట్టుకోవడం. ఉన్నవాటిలో మంచి చొక్కాయే వేసుకొచ్చాడు గానీ, మోచేతి దగ్గర సిమెంటు గట్టిపడిన మరక ఉందని బస్సులో పక్కనున్నాయన కాస్త ఎడంగా జరిగినప్పుడే చూసుకున్నాడు. మడత పెడితే మరక లోపలికి పోయింది. కానీ చొక్కా చేతులు చంకల్లోకి వచ్చి, ఎవరితోనో తగువుకి వెళ్తున్నవాడిలా తయారయ్యాడు. పని అడగడానికి వెళ్ళే మనిషి అలా ఉండకూడదు. మళ్ళీ దించుకున్నాడు.

అడగవలసింది ఒక్క మాట. బావ వరహాలు పోర్టులో కళాసీల మేస్త్రీ. ఓడ వచ్చిన పొద్దున గేటు దగ్గర గుంపుగా నిలబడ్డవాళ్ళలోంచి 'నువ్వు, నువ్వు, ఆ ఎనకోడు' అని వేలు చూపించి మనుషుల్ని ఏరుకునేది ఆయనే. ఆ వేలు తనవైపు తిరగాలి. అంతే. నలభై దాటాక బావ వేలు కోసం బస్సెక్కి రావలసి వచ్చినందుకు అప్పలసూరికి సిగ్గుగానే ఉంది. కానీ ఇంట్లో కూర్చుని పడే సిగ్గు ఇంకా పెద్దది.

వాళ్ళ ఊరు దిబ్బవలస స్టీలు ఫ్యాక్టరీ స్థలంలోకి వెళ్ళిపోయి కొన్నేళ్ళయింది. ఇంటికొక కార్డు ఇచ్చారు. కార్డున్నవాడికి ఉద్యోగం వస్తుంది. పెద్దవాడని వాళ్ళింటి కార్డు అన్న పేరున రాయించారు. ఆ రాయించినవాళ్ళలో అప్పలసూరి కూడా ఉన్నాడు కాబట్టి ఇప్పుడు ఎవరినీ అనడానికి లేదు. తమ జీడితోట ఉన్న మేరలోనే గోడలు లేస్తుంటే కంట్రాక్టరు దగ్గర సిమెంటు బస్తాలు మోశాడు. గోడలు లేచాయి. మోసేవాళ్ళతో పని అయిపోయింది.

పొద్దున కంచరపాలెంలో అక్క కాసులమ్మ ఇంటికి వెళ్తే, ఆవిడ చేపలు తోముతూ ఉపాయం చెప్పింది.

"ఇంటికాడ అడిగితే మీ బావ తల తిప్పీసుకుంటాడ్రా. ఆదారం వచ్చిందంటే ఆ ఖయ్యూం కొట్టుకాడ ఏదో ఆట ఆడతాడు. అక్కడికెల్లి అడుగు. నలుగురి ముందర కాదన్లేడు. అక్కడ ఆయన దొర."

"దొరేటే?"

"నాకేటి తెల్సు. ఆటలో దొరంట. ఇంటికాడ బియ్యం లేవన్నప్పుడు మాత్రం దొరకడు."

ఖయ్యూం దుకాణం సందు మలుపులో ఉంది. ఓడల్లోంచి దిగిన పాత సామాను అమ్ముతాడు. తాళ్ళ చుట్టలు, ఉన్ని దుప్పట్లు, ఇత్తడి లాంతర్లు, ఎవరి సైజుకీ సరిపడని బూట్లు. లోపల దుప్పట్ల కట్టల మధ్య చాప పరిచి నలుగురు కూర్చున్నారు. వాళ్ళ మధ్య గళ్ళ కాగితం, దానిమీద చింతగింజలు, రంగురంగుల పాచికలు. పాచికలు మామూలువి కావు. ఒకదానికి ఎన్ని ముఖాలున్నాయో గానీ వేస్తే నిమ్మకాయలా దొర్లుతూనే ఉంది.

వరహాలు తలెత్తి చూశాడు. "ఎప్పుడొచ్చినావు?" అని కూడా అనలేదు.

"ఎవరు మేస్త్రీ గారూ?" అన్నాడు ఒళ్ళో పుస్తకం పెట్టుకున్న గళ్ళ లుంగీ మనిషి. ఖయ్యూం అతనే.

"మా వైపు మనిషిలే. ఏదో పనిమీద వచ్చుంటాడు."

భార్య తమ్ముడు అనలేదు. అప్పలసూరి చెప్పులు విప్పి గుమ్మంలోనే నిలబడ్డాడు. తెల్లచొక్కాలో ఉన్న బావ ముందు, తన చొక్కా చూసుకుంటే అనకపోవడమే న్యాయమనిపించింది. అలా అనిపించినందుకు ఇంకాస్త సిగ్గేసింది.

"బావా, ఓ మాట..."

"బావంటన్నాడు!" అన్నాడు చివర కూర్చున్న జగ్గారావు. కంచరపాలెంలో మోటారు మెకానిక్కు. చింతగింజ పట్టుకున్న వేలిగోళ్ళ నిండా గ్రీజు. "సుట్టరికమేటి మేస్త్రీ గారూ, సెప్పరేటి?"

"వైజాగులో ఎవుడు ఎవుణ్ణి బావనడురా? నువ్వు రోజూ రిక్షావోణ్ణి బావనవేటి?" అన్నాడు వరహాలు. తర్వాత అప్పలసూరి వైపు చూడకుండానే, "కూకో. ఇయ్యాల నా కోట పనుంది. అది అయ్యాక మాటాడుకుందాం."

అప్పలసూరి దుప్పట్ల కట్టకి ఆనుకుని కూర్చున్నాడు. కోట పని అయ్యేదాకా ఆగాలన్నమాట. ఆగడం అతనికి కొత్త కాదు.

ఖయ్యూంకి కొత్త మనిషి ఖాళీగా కూర్చోవడం నచ్చలేదు. దుకాణదారుడు కదా, గుమ్మంలోకి వచ్చినవాడి చేతిలో ఏదో ఒకటి పెట్టందే ఊరుకోలేడు.

"ఆట తెలుసా భాయ్?"

"పేకాటేటండి?"

"పేకాట కాదు. చెప్పుకునే ఆట." ఒక ఓడ వంటవాడు దుప్పట్లతో పాటు ఒక అట్టపెట్టె కూడా అంటగట్టి పోయాడట. అందులో ఈ పాచికలు, ఈ ఇంగ్లీషు పుస్తకం ఉన్నాయి. ఆడేవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో మనిషి అవుతారు. తమ మనిషి ఏం చేస్తున్నాడో నోటితో చెప్పాలి. అది జరిగిందో లేదో పాచిక చెబుతుంది. మిగతా లోకమంతా, కొండలూ ఊళ్ళూ శత్రువులూ, పుస్తకం చూసి ఖయ్యూం చెబుతాడు. జగ్గారావు ఆటలో దొంగ. కళ్ళజోడు పెట్టుకున్న త్రినాథరావు పోర్టు దగ్గర క్లియరింగ్ ఆఫీసులో గుమాస్తా, ఆటలో మంత్రగాడు. వరహాలు దొర. లార్డ్ రాబర్ట్. వరహాలు నోట్లో మాత్రం అది లాడ్డు రాబట్టు.

"ఆ లోకం ఏ వైపుందండి?" అని అడిగాడు అప్పలసూరి. ఏదో ఒకటి అడగాలి కదా అని.

"పుస్తకంలో ముందే పెట్టి ఉంచారు. చలిదేశం. మంచు పడుతుంది. అడవులు, రాజులు, కోటలు. మీకు వేరే కావాలంటే వేరే లోకం పెట్టుకోండి అని కూడా రాశాడు. వేరే చెప్పకపోతే ఇంతే."

"నాను మొదట్లోనే సెప్పినాను," అన్నాడు జగ్గారావు. "యారాడ కొండ పెట్టుకుందాం, బీమిలి పెట్టుకుందాం, తగరపువలస సంత పెట్టుకుందాం అని. మంచేటో మనం సూసినామేటి? ఐసు ఫ్యాక్టరీ తప్ప. మేస్త్రీ గారు పడనివ్వలేదు."

"తగరపువలసలో లాడ్డేట్రా? ఎండుసేపలు తూసుకుంటాడేటి?" అన్నాడు వరహాలు. "పుస్తకంలో ఎలగుంటే అలగే ఉండాల. తెలివైనోళ్ళు రాసింది. నువ్వూ నానూ మార్చీడానికేటి?"

ఆ మాట అంటున్నప్పుడు వరహాలు మొహంలో ఉన్న భక్తి అప్పలసూరి ఎప్పుడూ చూడలేదు. తిరుపతి లడ్డూ కూడా బావ ఆ మొహంతో అందుకోలేదు.

"సరే, నీ మనిషిని చెప్పు భాయ్," అన్నాడు ఖయ్యూం. "కత్తి పట్టేవాడా, మంత్రాలవాడా?"

"నాకేటి తెల్సండి. నాను నానేనండి."

జగ్గారావు పకపకా నవ్వాడు. ఖయ్యూం నవ్వకుండా పేజీలు తిప్పాడు. "మనిషి గురించి ఏమీ చెప్పకపోతే ఏం చేయాలో అదీ రాశాడు. మామూలు మనిషి. కత్తి రాదు, విద్య రాదు. బరువు మోస్తాడు, దివిటీ పట్టుకుంటాడు. ప్రాణం..." పాచిక వేశాడు. "రెండు."

"రెండంటే?"

"ఒక్క దెబ్బ సరిగ్గా తగిలితే పోతాడు."

"మరి లాడ్డు గారికెంతండి?"

"ఆయనకి చాలా ఉందిలే. కొండ మీద పడినా లేచి దులుపుకుంటాడు."

అప్పలసూరి నవ్వేశాడు. నవ్వుతుంటే చెవులు వేడెక్కాయి. ఎక్కడో చలిదేశంలో కూర్చున్నవాడెవడో తనని ఎప్పుడో చూసి, ఇంతే వీడు అని రాసి, ఓడెక్కించి పంపినట్టుంది. ఖయ్యూం గుప్పెడు గింజల్లో వెతికి చిన్న చింతగింజ ఒకటి కాగితం అంచున పెట్టాడు. అది తను.

ఆట మొదలైంది. విషయమేమిటంటే, రెండేళ్ళుగా ఆడగా ఆడగా లార్డ్ రాబర్ట్ కోట కట్టుకునేంత పెద్దవాడయ్యాడు. పుస్తకంలో దానికొక పద్ధతి ఉంది. ఎవరి ఏలుబడిలోనూ లేని చోటు ఒకటి చూసుకోవాలి. అక్కడున్న వాళ్ళని ఖాళీ చేయించాలి. కోట కట్టాలి. కట్టాక చుట్టూ జనం వాళ్ళంతట వాళ్ళే వచ్చి చేరతారు. వరహాలు ఏటి ఒడ్డున ఒక కొండ చూసుకున్నాడు. కొండలో గుహలున్నాయి. గుహల్లో గాబ్లిన్లున్నారు.

"ఆళ్ళెవులండి?"

"పొట్టిగా, ఆకుపచ్చగా ఉంటారు. చెడ్డవాళ్ళు."

"ఏటి సేసినారు?"

ఖయ్యూం పుస్తకంలో చూశాడు. "ఏం చేశారో రాయలేదు. చెడ్డవాళ్ళని రాశాడు. మనం వేరే చెప్పకపోతే చెడ్డవాళ్ళే."

"మరి ఖాళీ సేసి ఎక్కడికెల్తారండి?"

ఖయ్యూం ఈసారి పుస్తకం చూడలేదు. అతనికి అక్కడ లేదని తెలుసు. త్రినాథరావు కళ్ళజోడు సర్దుకుని, "ఆటండీ ఇది," అన్నాడు. వరహాలు మాత్రం కసిరాడు.

"ఎక్కడికెల్తే నీకేటి? ఆట పాడుసేయకు. సూత్తే సూడు, నేకపోతే గమ్మునుండు."

అప్పలసూరి గమ్మునయ్యాడు. అతను వచ్చింది గాబ్లిన్ల పని మీద కాదు.

గుహలు ఇరుకు. ఒక్కొక్కరే వంగి దూరాలి. మొదటిసారి దూరినప్పుడు వరహాలు దొర గోతిలో పడ్డాడు. రెండోసారి పైనుంచి రాళ్ళు దొర్లించారు. త్రినాథరావు మంత్రం సగంలో ఆగిపోయింది. దొర వెంట తెచ్చుకున్న సైన్యంలో సగంమంది పారిపోయారు. వరహాలు పాచికని అరచేతుల్లో గలగలలాడించి, ఊది, దేముడా అని వేశాడు. మళ్ళీ ఒకటి పడింది.

"ఇయ్యాల పొద్దున్నెవుడి మొకం సూసినానో," అన్నాడు.

అతని చూపు అప్పలసూరి మీద ఒక క్షణం ఆగింది. పొద్దున్న కాదు గానీ, మధ్యాహ్నం చూసిన మొహం అదే.

"మేస్త్రీ గారూ, ఇంకొక్కసారి చూడండి," అన్నాడు ఖయ్యూం. "ఈసారి కాకపోతే మంచు మొదలవుతుంది. మంచులో కోట పని జరగదు. మళ్ళీ ఎండలు వచ్చేదాకా ఆగాలి. పుస్తకంలో అలాగే ఉంది."

"ఆగడమేటి? రెండేళ్ళు ఆగినాను!"

వరహాలు మెడ ఎర్రబడింది. ఆ మెడ అప్పలసూరికి తెలుసు. ఆ ఎరుపు వచ్చాక ఇంకేం అడిగినా కాదనే వస్తుంది. కోట పోతే తన పనీ పోతుంది. అక్క చెప్పిన ఉపాయమూ పోతుంది. ఆ కంగారులో నోరు తెరిచాడు.

"బావా, కత్తుల్తో అవదు అది."

"నీకేటి తెల్సు?"

"ఆళ్ళకి అమ్మోరుందా, లేదా? అది సూడమను."

త్రినాథరావు ముక్కుతో నవ్వాడు. "రాక్షసులకి అమ్మవారేమిటండీ!"

ఖయ్యూం మాత్రం పేజీ తిప్పి, వేలు పెట్టి చదివాడు. చివరి గుహలో రాతి విగ్రహం ఉంది. కళ్ళకి కెంపులు. ఆటగాళ్ళు దోచుకోవడానికి పెట్టినది. "దీనికి దండం పెడతారని రాయలేదు," అన్నాడు. "పెట్టరనీ రాయలేదు."

"విగ్రహాన్ని ఎట్టుకున్నది ఊరికేనేటి? ఆటబొమ్మేటి?" అన్నాడు జగ్గారావు. "నువ్వు సెప్పు బావా."

అందరూ తనవైపు తిరిగారు. వరహాలు కూడా. చాలాకాలంగా ఎవరూ అప్పలసూరిని ఏదీ అడగలేదు. మాట దానంతట అదే వచ్చేసింది.

"ఊరోళ్ళని ఊరకనే కదపలేరు బావా. తప్పెటేసి సెప్పినా కదలరు. ఇళ్ళ గోడల మీద ఎర్రరంగుతో నంబర్లేసినా కదలరు. నంబరు మీద పేడ అలికీసి కూకుంటారు. ముందు అమ్మోరిని ఎత్తాల. అమ్మోరు లేని ఊర్లో దీపమెవుడెడతాడు? అమ్మోరిని ఎత్తిన పొద్దున్న ఆళ్ళే పొయ్యిరాళ్ళు కూడా మూటకట్టీసుకుని ఎనకమాలే వచ్చీత్తారు. ఒక్క కర్రా ఎత్తక్కర్లేదు. ఒక్క మాటా అనక్కర్లేదు."

"శభాష్!" అని జగ్గారావు తొడ చరిచాడు.

వరహాలు అనలేదు. గళ్ళ కాగితం మీద ఉన్న అతని చెయ్యి కదలకుండా ఉండిపోయింది. దిబ్బవలస అతని ఊరు కూడా. చిన్నప్పుడే పోర్టుకి వచ్చేశాడు, కంచరపాలెంలోనే పుట్టానని చెప్పుకుంటాడు, కానీ ఊరు అదే. అమ్మవారిని కొత్త కాలనీకి కదిపే రోజున రమ్మని కబురు పెడితే, ఓడ ఉందని రాలేదు. ఘటం ఎత్తేది అప్పలసూరి వాళ్ళ ఇంటివాళ్ళే. తాత ఎత్తాడు, తండ్రి ఎత్తాడు. ఆ రోజు ఎత్తింది అప్పలసూరి.

"మంచి ఆలోచనే," అన్నాడు ఖయ్యూం మెల్లిగా. "కానీ విగ్రహం బయటికి తెచ్చేదెవరు? కత్తి ఉన్నవాణ్ణి చూస్తే మీదపడతారు."

"మామూలు మనిషి ఉన్నాడు గదేటి," అన్నాడు జగ్గారావు. "కత్తి లేనోడు. ఎవుడు సూత్తాడు ఆణ్ణి?"

ఖయ్యూం పాచిక వేశాడు. చిన్న చింతగింజ గుహలో దూరింది. ఇంకో పాచిక. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకోటి. విగ్రహం దగ్గరికి చేరింది.

"ఇప్పుడు ఎలా తెస్తావు? చెప్పాలి మరి. చెప్పింది చెప్పినట్టు జరుగుతుంది."

"నెత్తిమీదండి."

"నెత్తిమీదంటే ఎలా?"

అప్పలసూరి లేచాడు. లేవాలని అనుకోలేదు. నోటితో చెప్పే ఆట అని అతనికి చెప్పారు గానీ, ఆ పని అతనికి నోటితో చెప్పడం రాదు. భుజం మీది తువ్వాలు తీసి చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకున్నాడు. రెండు చేతులూ పైకెత్తి, లేనిదాన్ని పట్టుకుని, దుప్పట్ల కట్టల మధ్యనుంచి గుమ్మం వైపు నడిచాడు. పాదం పూర్తిగా ఆన్చి, ఆగి, మళ్ళీ పాదం.

"ఎనక్కి సూడకూడదండి," అన్నాడు. "సూత్తే అమ్మోరు అక్కడే ఆగిపోద్ది."

జగ్గారావు నోటితో డప్పు మొదలుపెట్టాడు. రేకు డబ్బా ఒకటి దొరికితే దానిమీద వాయించాడు. నాలుగు దరువులు వేశాక అతని చెయ్యి దానంతట అదే ఆగిపోయింది. లోపలి గుమ్మం తెర తీసుకుని ఖయ్యూం తల్లి సర్దార్ బీ టీ గ్లాసుల పళ్ళెంతో వచ్చింది. ఎదురుగా చేతులెత్తుకు నడిచి వస్తున్న మనిషిని చూసి ఏమీ అడగలేదు. కొంగు తలమీదికి లాక్కుని, గోడకి జరిగి దారి ఇచ్చింది.

అప్పలసూరి గుమ్మం దాకా వచ్చేశాడు. బయట ఎండ. సందులో రిక్షా మీద కాళ్ళు చాపుకున్న మనిషి అతన్ని ఎగాదిగా చూశాడు. నెత్తిమీద తువ్వాలు, పైన ఏమీ లేదు. ఏమీ లేనిదాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డ నలభై దాటిన మనిషి. అప్పుడు తెలిసింది అతనికి, పని కోసం తను ఏం అమ్ముతున్నాడో. కొనేవాడు ఇంకా సరే అనలేదు కూడా.

"సాల్లే. వచ్చి కూకో," అంది వెనకనుంచి వరహాలు గొంతు. చాలా చిన్నగా.

చేతులు దించాడు. తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి కూర్చున్నాడు. టీ గ్లాసు చేతికిచ్చారు.

ఖయ్యూం గాబ్లిన్ల ధైర్యానికి పాచిక వేశాడు. పుస్తకంలో ఉన్న పద్ధతే. మామూలుగా సగంమంది చచ్చాక వేస్తారు. పాచిక ఆగింది. ఖయ్యూం దాన్ని చూసి చెప్పాడు.

"వస్తున్నారు. ముసలివాళ్ళు ముందు. తర్వాత ఆడవాళ్ళు, చంకలో పిల్లలు. కుండలు, చాపలు, కోళ్ళబుట్టలు. విగ్రహం వెనకే వరసగా కొండ దిగుతున్నారు. కొండ ఖాళీ."

"గాబ్లిన్లు కోళ్ళు కూడా పెంచుతారేమిటి?" అన్నాడు త్రినాథరావు. ఎవరూ నవ్వలేదు. ఎక్కడికి దిగుతున్నారని కూడా ఎవరూ అడగలేదు. అడగవలసినవాడు టీ తాగుతున్నాడు.

వరహాలు ఊపిరి వదిలాడు. తర్వాత మెల్లిగా అతని మీసం కింద నవ్వు మొదలైంది. పెన్సిలు తీసుకుని కొండ మీద పెద్ద చదరం గీశాడు. నాలుగు మూలలా నాలుగు బురుజులు. రెండేళ్ళ కోరిక. జగ్గారావు లేచి నిలబడి సలాం కొట్టాడు.

"లాడ్డు రాబట్టు గారికీ జై!"

"ఆరి ఎదవా, కూకోరా," అన్నాడు వరహాలు. చాలా సంతోషంగా అన్నాడు.

"మీ రాజ్యాలు సల్లగుండ, గ్లాసులియ్యండి నాయనా," అంది సర్దార్ బీ.

"ఇక కట్టడానికి మనుషులు," అన్నాడు ఖయ్యూం. "పుస్తకం ప్రకారం కోట లేస్తుంటే జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు."

"ఎవులొస్తారు?" అన్నాడు జగ్గారావు. "సుట్టుపక్కల ఇంకెవులున్నారు? ఆ గాబ్లిన్లే వస్తారు, తట్టలట్టుకుని."

అందరూ నవ్వారు. వరహాలు కూడా. ఇదే సమయం. బావ సంతోషంగా ఉన్నాడు. నలుగురూ ఉన్నారు. అక్క చెప్పింది ఇలాంటి సమయం గురించే. అప్పలసూరి గ్లాసు కింద పెట్టాడు. పొద్దుటినుంచి నేర్చుకుంటున్న మాట గుర్తు చేసుకున్నాడు. బావా, గేటు కాడ నన్ను కూడా పిలువు. అంతే ఉంది. అది రాలేదు. దానికి బదులు అతని వేలు కాగితం మీదికి వెళ్ళి, చిన్న చింతగింజని కొండ కింద నుంచి నెట్టుకుంటూ చదరం ముందుకి తెచ్చి ఆపింది.

"దొరా," అన్నాడు. "నాక్కూడా పనుంటే ఇప్పించండి. బరువులు మోత్తాను."

"అద్దీ!" అన్నాడు జగ్గారావు. "మావోడు ఆటలో పడిపోనాడు!"

వరహాలు నవ్వలేదు. అతనికి తెలిసింది. అప్పలసూరి కళ్ళలోకి ఒకసారి చూసి, వెంటనే చింతగింజ మీదికి చూపు దించుకున్నాడు.

"లార్డు గారు చెప్పాలి," అన్నాడు ఖయ్యూం. "ఇస్తారో, పొమ్మంటారో, ఆయన ఇష్టం. ఆయనేమీ చెప్పకపోతే పాచిక చెబుతుంది."

వరహాలు పెన్సిలుతో బురుజు గీతని మళ్ళీ దిద్దాడు. ముందే నల్లగా ఉన్న గీత ఇంకా నల్లబడింది. ఇస్తానని ఒక్క మాట అంటే సరిపోయేది, ఆటలోనే కదా. ఆటలో కూడా అనలేకపోయాడు. పాచికలు తీసి ఖయ్యూం వైపు తోశాడు.

"నువ్వెయ్యి."

ఖయ్యూం వేశాడు. మంచి సంఖ్యే పడింది.

"పని దొరికింది భాయ్!"

జగ్గారావు అప్పలసూరి వీపు మీద చరిచాడు. త్రినాథరావు కూడా చెయ్యి కలిపాడు. కోట గోడకి రాళ్ళు మోసే పని. తిండి దొరే పెడతాడు. అలా పుస్తకంలో ఉందట. వరహాలు భారం దిగినట్టు వెనక్కి వాలాడు. కాసేపు అందరూ కోటకి ఎన్ని గుమ్మాలుండాలో వాదించుకున్నారు. గుమ్మం ఏ దిక్కుకి ఉండాలో త్రినాథరావు వాస్తు చెప్పాడు. చలిదేశంలో వాస్తు లేదన్నాడు జగ్గారావు.

అప్పలసూరి లేచాడు. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. ఇక్కడినుంచి అడక్కుండా దిగితే అక్కకి ఏం చెప్పాలో తెలియదు. ఇంటిదగ్గర ఏం చెప్పాలో అంతకంటే తెలియదు. వెనక్కి తిరిగాడు. నలుగురూ చూస్తున్నారు. ఈసారి మాట వచ్చింది.

"బావా. మరి రేపు పొద్దున్న గేటు కాడికి రానా?"

"ఏటికి?" అన్నాడు వరహాలు, పెన్సిలు చెవి సందున పెట్టుకుంటూ.

"పనికి."

వరహాలు ఒక్కసారి చుట్టూ చూశాడు. జగ్గారావుని, త్రినాథరావుని, ఖయ్యూంని. తర్వాత గొంతు పెంచాడు.

"ఇప్పుడే గదరా ఇచ్చినాను? కోట గోడ పని! ఒక్క రోజుకి ఎన్ని పనులు కావాలేట్రా నీకు?"

అందరికంటే ముందు నవ్వింది అప్పలసూరే. వాళ్ళకి నవ్వాలని తట్టేలోపే అతను నవ్వేశాడు, పళ్ళన్నీ కనిపించేలా, తల ఊపుతూ, అవునవును బావా నిజమే అన్నట్టు. అప్పుడు జగ్గారావు నవ్వాడు, త్రినాథరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఖయ్యూం మాత్రం పుస్తకం మూసి, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు.

"వత్తాను మరి," అన్నాడు అప్పలసూరి. ఎవరితో అన్నాడో తెలియదు.

సందులోకి దిగాక కూడా మొహం మీద నవ్వు పోలేదు. రిక్షా మనిషి దాన్ని చూసి తనూ నవ్వాడు. అక్క ఇంటికి కంచరపాలెం బస్సు ఒకవైపు, తన కాలనీకి వెళ్ళే గాజువాక బస్సు ఒకవైపు. రెండింటికీ మధ్య నిలబడి చొక్కా చేతులు మడత పెట్టుకుంటుంటే దుకాణంలోంచి వరహాలు గొంతు వినిపించింది.

"వచ్చే వారం కందకం తవ్వించాల ఖయ్యూం. లోతుగా. సూడు, మనుషులు సరిపోతారేటి?"